అద్దెకున్నవాళ్లు వదిలేసి వెళ్ళిన సామాన్లని ఏం చేయాలి, మొదటి రోజు నుంచి చివరి దాకా

మాది దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఇల్లు, కింద రెండు పోర్షన్లు, పైన ఒకటి, డాబా మీద ఒక పెంట్‌హౌస్ రూమ్. ఇరవై ఏళ్ళకి పైగా అద్దెలకి ఇస్తూనే ఉన్నాం. ఎవరు ఖాళీ చేసినా ఏదో ఒకటి మిగిలిపోతుంది, విరిగిన బకెట్టో, అటక మీద అట్టపెట్టో, గోడకి దేవుడి పటమో. చాలామంది ఓనర్లు పెయింటింగ్ వాళ్ళు వచ్చేలోపు అవన్నీ బయట పడేస్తారు, మేమూ ఒకప్పుడు అలాగే చేసేవాళ్ళం.

కొన్నేళ్ళ కింద ఒక ఫ్యామిలీ ఖాళీ చేసి వెళ్తే వెనక వరండాలో పాత కుట్టు మిషన్ ఉండిపోయింది, కాలితో తొక్కే రకం, ఇనుప స్టాండంతా తుప్పు, పైన చెక్క వానకి ఉబ్బిపోయింది. ఇంకెవరికి పనికొస్తుందిలే అనుకుని పాత ఇనుప సామాన్ల బండి వస్తే వేసేశాం, కిలోల లెక్కన తూచి 700 ఇచ్చాడు. సరిగ్గా పన్నెండో రోజు ఆమె ఆటో మాట్లాడుకుని వచ్చింది, "ఆంటీ, మిషన్ తీసుకెళ్తా" అని. అది వాళ్ళమ్మదంట, ఆ మిషన్ మీద కుట్టే ముగ్గురు పిల్లల్ని చదివించిందంట. మా అమ్మ కొత్త మిషన్‌కి డబ్బులిస్తానంది, ఆమె వద్దంది. బండతని గోడౌన్‌కి వెళ్ళి చూస్తే అప్పటికే విడగొట్టేశారు, మిషన్ తల ఒక్కటే దొరికింది. చీర కొంగుతో దాని మీద దుమ్ము తుడిచి, ఒళ్ళో పెట్టుకుని అదే ఆటోలో వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం, అదే ఇక్కడ రాస్తున్నా. ఇందులో చట్టం సంగతి కొంత ఉంది, మిగతాదంతా అనుభవంతో నేర్చుకున్నది. ఒక్క మాట ముందే చెప్తా, వాళ్ళు వెళ్ళిపోయినా సామాను వాళ్ళదే. ఇల్లు మీదైనంత మాత్రాన లోపల ఉన్న బీరువా మీది అయిపోదు, మీ దగ్గర ఉన్నన్ని రోజులు దానికి మీరు కాపలా అంతే. ఈ ఒక్కటి బుర్రలో పెట్టుకుంటే కింద రాసినవన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

1. ముందు వాళ్ళు నిజంగా ఖాళీ చేశారా లేదా తేల్చుకోండి

తాళం చెవులు చేతికిచ్చి, అడ్వాన్స్ లెక్క చూసుకుని, వెళ్ళొస్తాం అని చెప్పి వెళ్తే అది ఖాళీ చేసినట్టు, ఇందులో డౌట్ ఏం లేదు, రెండో స్టెప్‌కి వెళ్ళిపోండి.

చెవులు ఇవ్వలేదు, రెండు నెలల అద్దె బాకీ, ఫోన్ స్విచ్ఛాఫ్, తలుపుకి వాళ్ళ తాళమే వేలాడుతోంది అంటే మాత్రం ఖాళీ చేశారని మీకు మీరే డిసైడ్ చేసుకోకండి. ఊళ్ళో ఎవరైనా పోయి ఉండొచ్చు, హాస్పిటల్లో ఉండొచ్చు, ఉద్యోగం పోయి మొహం చూపించలేక సొంతూరు వెళ్ళి ఉండొచ్చు. అలాంటప్పుడు తాళం పగలగొట్టి సామాను మెట్ల మీద పెట్టిన ఓనర్లని నేను చూశా, తర్వాత వాళ్ళే స్టేషన్ చుట్టూ తిరిగారు. ఇల్లు మీదే అయినా అద్దెకిచ్చినన్నాళ్ళు ఆ పోర్షన్ వాళ్ళ స్వాధీనంలో ఉన్నట్టే లెక్క, చట్టప్రకారం కాకుండా బయటికి పంపిస్తే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు కేసు వేసి మళ్ళీ లోపలికి రావచ్చు, అప్పుడు ఇల్లు ఎవరిది అన్న ప్రశ్న కూడా కోర్టు అడగదు. లోపల గొలుసు ఉండింది, లక్ష క్యాష్ ఉండింది అని వాళ్ళు అంటే లేదని నిరూపించుకోవడం ఇంకో తలనొప్పి.

కాబట్టి అలాంటి కేసుల్లో ముందు అగ్రిమెంట్‌లో ఉన్న నంబర్లన్నిటికీ, షూరిటీగా ఇచ్చిన చుట్టాల నంబర్‌తో సహా, ఫోన్ చేయండి. పని చేసే ఆఫీసు తెలిస్తే అక్కడ అడగండి. ఆ తర్వాత లాయర్‌తో రాతపూర్వకంగా నోటీసు ఇప్పించండి, నెలవారీ అద్దెకి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ 106వ సెక్షన్‌లో 15 రోజుల నోటీసు అని ఉంది, మీ అగ్రిమెంట్‌లో ఇంకో గడువు రాసుంటే అది చూసుకోవాలి, రెంట్ కంట్రోల్ (అద్దెలకి, ఖాళీ చేయించడానికి ఉన్న ప్రత్యేక చట్టం) కిందకి వచ్చే ఇల్లయితే దారి వేరు, అది కూడా లాయరే చెప్తారు. లోపల్నుంచి వాసన వస్తోంది, నీళ్ళు కారుతున్నాయి, గ్యాస్ వాసన అంటే ఇవేవీ చూడక్కర్లేదు, వెంటనే 112కి ఫోన్ చేసి పోలీసుల ఎదురుగానే తలుపు తీయించండి. గ్యాస్ లీకేజీకి వేరే నంబర్ ఉంది, 1906.

2. ఏదీ ముట్టుకోకముందు వీడియో

ఫోన్ తీసి గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఒకే వీడియోగా, మధ్యలో ఆపకుండా, అన్ని గదులూ తీయండి, అటకలు, బాత్రూమ్, సింకు కింద, తలుపుల వెనక, బాల్కనీ, అన్నీ. వీడియోలో మీరే తేదీ, టైమ్ నోటితో చెప్పండి. ఒంటరిగా వద్దు, పక్క పోర్షన్ వాళ్ళనో ఎదురింటి వాళ్ళనో ఇద్దర్ని పిలవండి, వాళ్ళ గొంతు కూడా వీడియోలో పడితే మంచిదే. మా పక్క పోర్షన్ ఆంటీ అయితే ఇప్పుడు మేం పిలవకముందే చెప్పులేసుకుని వచ్చేస్తుంది.

వీడియో అయిపోయాక అర్జెంటువి మాత్రం చూసుకోండి. ఫ్రిజ్‌లో పాలు, కూరలు, పచ్చళ్ళు ఉంటే పాడైనవి ఫొటో తీసి పారేయండి, దానికెవరూ మిమ్మల్ని తప్పు పట్టరు. సిలిండర్ ఉంటే రెగ్యులేటర్ ఆపి, విప్పి, మూత బిగించి, గాలి ఆడే చోట నిలువుగా పెట్టండి, ఎప్పుడూ పడుకోబెట్టకండి, మూసి ఉన్న స్టోర్ రూమ్‌లో అసలు పెట్టకండి. గీజర్, ఫ్రిజ్ ప్లగ్గులు తీసేయండి. పెంపుడు జంతువు ఏదైనా ఉంటే, అక్వేరియంలో చేపలైనా సరే, అవి సామాను కాదు, వాటి సంగతి ఆ గంటలోనే చూడాలి.

3. లిస్టు రాయండి, చేత్తోనే

ఒక లాంగ్ నోట్‌బుక్ పేజీ చాలు. ఎంత వివరంగా రాస్తే తర్వాత అంత ప్రశాంతంగా ఉంటారు. "బీరువా ఒకటి" అని రాస్తే సరిపోదు. ఇలా రాయండి:

"ఇనుప బీరువా, నీలం రంగు, ఎడమ తలుపు అద్దం పగిలింది, తాళం వేసి ఉంది, చెవి లేదు, తెరవలేదు."
"మిక్సీ, తెలుపు, రెండు జార్లు, పని చేస్తుందో లేదో చూడలేదు."
"నల్ల సూట్‌కేసు, జిప్‌కి చిన్న తాళం, ఊపితే లోపల పుస్తకాలున్నట్టు ఉంది, తెరవలేదు."

తెరవలేదు అన్న మాట చాలా ముఖ్యం. తాళం వేసిన పెట్టెలు, బీరువాలు పగలగొట్టొద్దు. జిప్ బ్యాగులు తెరవాల్సి వస్తే, అంటే కాంటాక్ట్ చేయడానికి అడ్రస్ దొరుకుతుందేమో అని, ఇద్దరు సాక్షుల ముందు మాత్రమే తెరిచి లోపలున్నవి కూడా రాసి మళ్ళీ మూసేయండి. ఉత్తరాలు, డైరీలు చదవకండి. ఫోను, ల్యాప్‌టాప్ దొరికితే ఆన్ చేయకండి. ఎవరి బతుకులోకీ తొంగి చూసే హక్కు మనకి లేదు, ఎంత ఆత్రంగా ఉన్నా సరే.

లిస్టు కింద మీరు, సాక్షులిద్దరూ సంతకం పెట్టి తేదీ వేసి, ఆ పేజీ ఫొటో తీసి మీ వాట్సాప్‌లో మీకే పంపుకోండి, ఫోన్ పోయినా కాపీ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

4. కాగితాలు, బంగారం, మందులు, దేవుడి పటాలు వేరు చేయండి

సామానంతా ఒకే కుప్పగా చూడకండి. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి ఉంది.

అన్నిటికన్నా ముందు కాగితాలు. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఓనర్లకి చెత్తలా కనిపించేది ఇదే, పోతే ఎక్కువ బాధ పడేదీ దీనికే. మూడేళ్ళ కింద మా పెంట్‌హౌస్ రూమ్‌లో ముగ్గురు అబ్బాయిలు ఉండేవాళ్ళు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళు. నోటిఫికేషన్ లేటవుతోందని ఒక్కొక్కరే రూమ్ వదిలేసి ఊళ్ళకెళ్ళిపోయారు. పెయింటింగ్ అబ్బాయి అటక మీద పాత పేపర్ల కట్ట కిందకి తోస్తుంటే అందులోంచి ఒక ప్లాస్టిక్ కవర్ జారి పడింది, దాని మీద స్కెచ్ పెన్‌తో "ఒరిజినల్స్" అని రాసుంది. లోపల టెన్త్ మెమో, ఇంటర్ మెమో, క్యాస్ట్ సర్టిఫికెట్, టీసీ. ఫోన్ చేస్తే ఆ నంబర్ వాడుకలో లేదు. మెమో మీద స్కూల్ పేరు, మండలం ఉన్నాయి కదా, ఆ స్కూల్‌కి ఫోన్ చేశాం, అక్కడి సార్ ఆ ఊళ్ళో వాళ్ళకి కబురు పెట్టారు. మర్నాడు పొద్దున్నే వాళ్ళ నాన్న బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. చదువు రాదంట ఆయనకి, అయినా ఒక్కో కాగితం తీసి, రెండు చేతులతో పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, లెక్కపెట్టుకున్నాడు. నాలుగు నెలల్నుంచి ఊళ్ళో ఇల్లంతా వెతుకుతున్నారంట. టీ తాగమన్నా తాగలేదు, తిరుగు బస్సుకి టైమ్ అవుతోందని ఆ కవర్‌ని చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అందుకే చెప్తున్నా, పాత పేపర్ల కట్ట అయినా సరే ఒక్కో పేజీ తిప్పి చూడకుండా బండికి వేయకండి. సర్టిఫికెట్లు, పట్టాదారు పాస్ పుస్తకాలు, బ్యాంకు పాస్‌బుక్కులు, ఎల్‌ఐసీ బాండ్లు, హాస్పిటల్ ఫైళ్ళు, పిల్లల టీకా కార్డులు ఇవన్నీ ఒక కవర్లో వేసి బీరువాలో పెట్టండి. ఆధార్, పాన్, ఓటర్ కార్డు దొరికితే ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకండి, ఎంత మంచి ఉద్దేశంతో అయినా సరే, ఆ నంబర్లతో మోసాలు చేసేవాళ్ళున్నారు. పాస్‌పోర్టు సంగతి వేరు, పాస్‌పోర్ట్స్ యాక్ట్ 1967 ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి, మనిషి దొరక్కపోతే దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

బంగారం, వెండి, డబ్బు దొరికితే మీ ఇంట్లో దాచి తర్వాత చెబుదాం అనుకోవద్దు. సాక్షుల ముందు లెక్కపెట్టి, ఫొటో తీసి, అదే రోజు వాళ్ళకి మెసేజ్ పెట్టండి. వాళ్ళు దొరక్కపోతే స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పండి. దొరికింది కదా అని మనసులో దురుద్దేశంతో సొంతానికి వాడుకుంటే అది నేరం, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్ దానికోసమే ఉంది. దొరికిన మనిషి అసలు ఓనర్ ఎవరో కనుక్కోడానికి తగిన ప్రయత్నం చేశాడా, తగినంత టైమ్ ఆగాడా అనేది అందులో పెద్ద పాయింట్, మనం వీడియో తీసి లిస్టు రాసి మెసేజ్ పెట్టేది అందుకే.

సిలిండర్, రెగ్యులేటర్ ఎవరి పేరు మీద కనెక్షన్ ఉందో వాళ్ళకే ఇవ్వాలి, నిజానికి అవి గ్యాస్ కంపెనీవి, డిపాజిట్ కట్టి వాడుకుంటాం అంతే. మనిషి దొరక్కపోతే గ్యాస్ ఏజెన్సీకి చెప్పండి, కొత్తగా వచ్చేవాళ్ళకి అమ్మేయడం, ఇచ్చేయడం చేయకండి.

మందులు డేట్ అయిపోయినవి అయితే సరే, వాడకంలో ఉన్నట్టున్నవి, ముఖ్యంగా ఇన్సులిన్ లాంటివి కనిపిస్తే వెంటనే ఫోన్ చేసి అడగండి, ఆ మనిషికి ఆ రోజే కావాల్సి ఉండొచ్చు.

దేవుడి పటాలు, తులసి కోట, పూజ సామాను విషయంలో నా మాట ఏంటంటే చెత్తబండిలో మాత్రం వేయకండి, అవి ఏ మతం వాళ్ళవైనా సరే. కొంతమంది కావాలనే వదిలేస్తారు, పగిలిన పటం కొత్త ఇంటికి తీసుకెళ్ళకూడదని. అడిగితే చెప్తారు. వద్దంటే మా అమ్మ శుభ్రంగా తుడిచి దగ్గర్లో గుడికి ఇచ్చేస్తుంది, ఖురాన్ దొరికితే మసీదులో, బైబిల్ దొరికితే చర్చిలో అడిగితే వాళ్ళే తీసుకుంటారు.

బైకు, స్కూటర్ సెల్లార్‌లో వదిలేస్తే అది అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన కేసు. నంబర్ ప్లేటు ఫొటో తీసి స్టేషన్‌లో చెప్పండి, దొంగ బండి కూడా అయ్యుండొచ్చు. స్క్రాప్ వాళ్ళకి అమ్మితే రేపు ఆ బండి మీద ఏ కేసు ఉన్నా మీ పేరే వస్తుంది.

5. వాళ్ళకి చెప్పండి, మూడు రకాలుగా

ఫోన్ చేసి మాట్లాడితే ఆ మాటకి తర్వాత ఆధారం ఉండదు, కాబట్టి ఫోన్ తర్వాత వాట్సాప్ మెసేజ్ కూడా పెట్టండి. మేం పెట్టేది ఇలా ఉంటుంది, మీకు నచ్చినట్టు మార్చుకోండి:

"నమస్తే అండి. మీరు ఖాళీ చేసిన పోర్షన్‌లో మీ సామాను కొంత ఉంది, లిస్టు, ఫొటోలు పంపిస్తున్నాం. మా దగ్గర భద్రంగా ఉంచాం. ఈ రోజు నుంచి 30 రోజుల్లోపు మీకు వీలైనప్పుడు ముందు రోజు ఫోన్ చేసి వచ్చి తీసుకెళ్ళండి. ఏవైనా వద్దనుకుంటే ఏవేవి వద్దో ఈ మెసేజ్‌కే రిప్లై ఇవ్వండి. మీరు రాలేకపోతే ఎవరిని పంపిస్తారో పేరు, ఫోన్ నంబర్ పెట్టండి."

ఇందులో కోపం, బాకీ లెక్కలు, వెటకారం ఏమీ రాయకండి. ఈ మెసేజ్ రేపు ఎవరైనా చదవాల్సి వస్తే మీరు మర్యాదగా ఉన్నట్టే కనిపించాలి. "వద్దండి, పడేయండి" అని వాళ్ళు రాస్తే అదే మీ రక్ష, స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. నోటితో చెప్తే "ఒక్కసారి మెసేజ్ పెట్టండి బాబూ" అని అడగండి, ఎవరూ ఏం అనుకోరు.

రిప్లై రాకపోతే వారం తర్వాత మళ్ళీ ఒకసారి. అప్పటికీ లేకపోతే అగ్రిమెంట్‌లో, ఆధార్ జిరాక్సులో ఉన్న సొంతూరి అడ్రస్‌కి ఉత్తరం పంపండి. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ఇప్పుడు స్పీడ్ పోస్టే, డెలివరీ అయినట్టు రుజువు కావాలని కౌంటర్‌లో అడగండి. ఉత్తరం తిరిగొచ్చేసినా కవర్ చింపకుండా అలాగే దాచుకోండి, ప్రయత్నం చేశామనడానికి అదే సాక్ష్యం.

6. ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్ళు

అందరికీ ఉండే కష్టం ఇదే, పోర్షన్ కొత్తవాళ్ళకి ఇవ్వాలి, సామాను ఎక్కడ పెట్టేది. ఆషాఢంలోనో, మూఢంలోనో ఖాళీ అయితే ఎలాగూ చాలామంది కొత్త ఇంట్లో పాలు పొంగించరు కాబట్టి టైమ్ దొరుకుతుంది, మిగతా నెలల్లో దొరకదు. మెట్ల కింద గది, సెల్లార్‌లో వాన పడని మూల, డాబా మీద వాటర్ ట్యాంక్ గది, ఏదో ఒకటి చూడండి. నేల మీద డైరెక్ట్‌గా పెట్టకుండా రెండు చెక్కలు వేసి పైన పెట్టండి, ఎలుకలు, చెదలు ముందు బట్టలు, పుస్తకాల మీదే పడతాయి. పరుపులు నిలబెట్టి ప్లాస్టిక్ కప్పండి.

దీనికి చట్టంలో ఒక కొలత ఉంది. ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 1872లో 71వ సెక్షన్ ప్రకారం వేరేవాళ్ళ వస్తువు దొరికి దాన్ని తన దగ్గర పెట్టుకున్న మనిషికి, వేరేవాళ్ళు నమ్మి అప్పగించిన వస్తువు పెట్టుకున్న మనిషికి ఉన్న బాధ్యతే ఉంటుంది, ఆ బాధ్యత ఎంత అంటే 151వ సెక్షన్‌లో ఉంది, మామూలు తెలివున్న మనిషి తన సొంత వస్తువుని ఎలా చూసుకుంటాడో అలా. అంతకు మించి ఏసీ గోడౌన్ అక్కర్లేదు, వానలో మాత్రం పెట్టకూడదు.

గడువు విషయానికొస్తే, మేం చెత్త కాని ప్రతి వస్తువూ 30 రోజులు, విలువైన సామాను, ఫర్నిచర్ మూడు నెలలు ఉంచుతాం. కాగితాలకి మాత్రం గడువే లేదు, మా బీరువాలో ఇంకా రెండు కవర్లు ఉన్నాయి, ఒక కవర్ దొరికి ఎనిమిదేళ్ళు అయ్యింది, ఉండనీ.

7. తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు

లిస్టు ముందు పెట్టి ఒక్కొక్కటి చూపించి టిక్ పెట్టించి, "పైన రాసిన సామాను అన్నీ అందాయి, ఇంకేమీ రావాల్సింది లేదు" అని కింద రాయించి సంతకం, తేదీ వేయించండి. బండిలో ఎక్కించేటప్పుడు చిన్న వీడియో.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త. భార్యాభర్తలు గొడవపడి విడిపోయి ఖాళీ చేసిన ఇల్లయితే ఒకళ్ళొచ్చి అడిగారని అంతా ఇచ్చేయకండి, రెండోవాళ్ళకి కూడా చెప్పి, ఇద్దరూ ఒప్పుకున్నట్టు మెసేజ్ వచ్చాకే ఇవ్వండి. ఆమె వచ్చి పుట్టింటివాళ్ళు పెట్టిన సామాను అంటే, ఆయన వచ్చి నా జీతంతో కొన్నా అంటే, తీర్పు చెప్పే పని మీది కాదు, లాయర్ చేతో, పెద్దమనుషుల సమక్షంలోనో రాయించుకుని రమ్మనండి. బ్యాచిలర్స్ రూమ్ అయితే ఏది ఎవరిదో వాళ్ళ గ్రూప్‌లోనే తేల్చుకుని చెప్పమనండి.

అద్దె బాకీ ఉంది కాబట్టి సామాను ఇవ్వను అనడం చాలామంది ఓనర్లు చేస్తారు, నాకు అది నచ్చదు, చట్టంలో కూడా బలం లేదు. బాకీ కోసం వేరే దారి ఉంది, అడ్వాన్స్‌లో కట్ చేసుకోవచ్చు, మిగతాదానికి నోటీసు ఇచ్చి కోర్టుకి వెళ్ళొచ్చు. వాళ్ళ పిల్లాడి పుస్తకాలో, వంట గిన్నెలో పట్టుకుని కూర్చుంటే బాకీ వసూలు అవ్వదు, మీ మీదే కంప్లైంట్ వస్తుంది. సామాను మోయించిన కూలి, ఉంచడానికి అయిన నిజమైన ఖర్చు రసీదు చూపించి అడగడం మాత్రం తప్పు కాదు.

8. ఎవరూ రాకపోతే

నోటీసు పోయింది, గడువు అయిపోయింది, ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు కూడా ఒకేసారి బండి పిలవకండి. కాంట్రాక్ట్ యాక్ట్ 169వ సెక్షన్ మనకి దారి చూపిస్తుంది. అది దొరికిన వస్తువుల గురించి రాసింది, మామూలుగా అమ్ముడుపోయే రకం వస్తువు అయి, ఓనర్‌ని వెతికినా దొరకనప్పుడు, లేదా దొరికినా న్యాయంగా రావాల్సిన ఖర్చు ఇవ్వనన్నప్పుడు, ఆ వస్తువు పాడైపోయే ప్రమాదంలో ఉన్నా, విలువ చాలా వరకు పోయేలా ఉన్నా, దాన్ని ఉంచడానికి అయిన ఖర్చు దాని విలువలో మూడింట రెండు వంతులకి చేరినా అమ్మొచ్చు అంటుంది. విలువైన సామాను ఉంటే ఈ స్టేజ్‌లో లాయర్‌కి ఒక్కసారి చూపించి చేయండి, ఆ ఫీజు తర్వాత వచ్చే గొడవ ముందు ఎంత.

అమ్మితే రెండు చోట్ల రేటు అడిగి, ఎంతకి అమ్మారో రసీదు తీసుకుని, ఆ డబ్బు వేరుగా లెక్క రాయండి. ఖర్చులు పోగా మిగిలింది వాళ్ళదే, రేపు వచ్చి అడిగితే ఇవ్వాలి. వస్తువు అన్యాయంగా తీసుకున్నారని కేసు వేయడానికి లిమిటేషన్ యాక్ట్‌లో మూడేళ్ళు టైమ్ ఉంది, వీడియోలు, లిస్టులు, రసీదులు కనీసం అన్నాళ్ళు ఉంచుకోండి, ఆ మూడేళ్ళు కూడా కొన్ని కేసుల్లో వస్తువు ఎవరి దగ్గరుందో వాళ్ళకి తెలిసిన రోజు నుంచి లెక్కలోకి వస్తాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఉంచితే మంచిది.

అమ్ముడుపోని బట్టలు, గిన్నెలు, పిల్లల సైకిల్ లాంటివి అనాథాశ్రమానికో, పనమ్మాయి ఇంటికో ఇస్తాం, ఎవరికి ఏం ఇచ్చామో లిస్టులో రాస్తాం. పాడైన టీవీ, కంప్యూటర్, ఇన్వర్టర్ బ్యాటరీ మాత్రం మామూలు చెత్తలో వేయకండి. బ్యాటరీలో యాసిడ్ ఉంటుంది, సీసం ఉంటుంది, కొత్త బ్యాటరీ అమ్మే షాపులో పాతది తీసుకుంటారు. ఈ-వేస్ట్ తీసుకునే లైసెన్స్ ఉన్నవాళ్ళకే ఎలక్ట్రానిక్ సామాను ఇవ్వండి. పాత ఫోన్, హార్డ్ డిస్క్ అయితే లోపల వాళ్ళ ఫొటోలు, అకౌంట్లు ఉంటాయి, అమ్మకండి, పూర్తిగా ధ్వంసం చేయించండి.

9. అద్దెకున్న మనిషి చనిపోతే

ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లోనే పోయిన కేసు మా వీధిలోనే ఒకటి జరిగింది. పోలీసులు పంచనామా చేసి వెళ్ళాక గది మొత్తం అలాగే తాళం వేసి ఉంచాలి. చనిపోయినవాళ్ళ వస్తువు తీసుకోవడాన్ని న్యాయ సంహిత 315వ సెక్షన్‌లో విడిగా నేరంగా పెట్టారు. కొడుకో కూతురో అని చెప్పుకుంటూ వచ్చిన మొదటి మనిషికి ఇచ్చేయకండి, వారసులందరి సంతకాలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి, అది తహసీల్దార్ ఆఫీసులో ఇస్తారు. బట్టలు, కళ్ళజోడు, చేతికర్ర లాంటివి ఇచ్చేటప్పుడు ఒక సంచిలో మడత పెట్టి ఇవ్వండి, చెత్తకవర్లో వేసి చేతికివ్వకండి. తీసుకోడానికి వచ్చినవాళ్ళు ఆ చిన్న విషయం జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు.

10. అసలు ఇంత దూరం రాకుండా

అగ్రిమెంట్ రాసేటప్పుడే ఒక పేరా పెట్టండి. మేం పెట్టేది:

"అద్దెదారు ఇల్లు ఖాళీ చేసిన తర్వాత ఏవైనా వస్తువులు మిగిలిపోతే, యజమాని వాటి లిస్టు, ఫొటోలు వాట్సాప్‌లోను, కింది అడ్రస్‌కి పోస్టులోను పంపిన 30 రోజుల్లోపు తీసుకెళ్ళాలి. ఆ లోపు రాకపోతే విలువైన పత్రాలు, నగలు, నగదు మినహా మిగతావాటిని యజమాని అమ్మవచ్చు లేదా దానం చేయవచ్చు. అమ్మిన సొమ్ములో ఖర్చులు పోను మిగిలింది అద్దెదారుకి ఇవ్వాలి."

దాని కిందే సొంతూరి అడ్రస్, ఇంట్లో ఇంకొకళ్ళ ఫోన్ నంబర్ తప్పకుండా రాయించుకోండి, ఎందుకంటే సిటీలో సిమ్ మార్చినంత ఈజీగా ఊళ్ళో ఇల్లు మార్చరు.

ఖాళీ చేసే రోజు వ్యాన్ కదలకముందు వాళ్ళతో కలిసి ఒక్కసారి ఇల్లంతా తిరగండి, అడ్వాన్స్ ఆ తర్వాతే ఇవ్వండి. అటకలన్నీ స్టూల్ ఎక్కి చేత్తో తడమండి, కింద నుంచి చూస్తే గోడ వైపు తోసినవి కనపడవు. తలుపు వెనక హ్యాంగర్లు, బాత్రూమ్ అల్మరా, వాషింగ్ మెషిన్ లోపల, డాబా మీద దండెం, షూ స్టాండు, మీటర్ బోర్డు పైన, వరండాలో మూల. మీరు అద్దెకుండేవాళ్ళైతే ఇదే పని మీ వైపు నుంచి మీరు చేయండి, అన్నిటికన్నా ముందు సర్టిఫికెట్ల కవర్ ఎవరి చేతిలో ఉందో చూసుకోండి, అది వ్యాన్‌లో వేయకుండా మీ భుజానికున్న బ్యాగులోనే పెట్టుకోండి. చివర్లో ఖాళీ గదుల ఫొటో, తాళం చెవులు చేతులు మారుతున్న ఫొటో ఒకటి, ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.